ప్రైవేటు సర్వరు (ఆన్‌లైన్ ఆటలు)

ప్రైవేటు సర్వరు అనగా ఒక ఆన్‌లైన్ కంప్యూటరు ఆట కొరకు, హక్కులు గల సంస్థ కాక, ఆ ఆట అభిమానులు స్వయంగా నడిపే సర్వరు. మూతపడిన ఆటలను గానీ, కాలక్రమంలో మారిపోయిన ఆటల పాత రూపాలను గానీ తిరిగి ఆడుకొనుటకు వీటిని ఎక్కువగా నెలకొల్పుతారు.

పనిచేసే విధానం

ఆన్‌లైన్ ఆటలో రెండు భాగాలుంటాయి. ఆటగాడి కంప్యూటరులో ఉండే భాగాన్ని క్లయింటు అంటారు. బొమ్మలు, శబ్దాలు ఇందులో ఉంటాయి. ఆట నియమాలు, శత్రుపాత్రల ప్రవర్తన, ఆటగాడు సంపాదించిన వస్తువుల లెక్క సంస్థ సర్వరులో ఉంటాయి. అందువలన సర్వరు ఆగిపోతే డబ్బిచ్చి కొన్న డిస్కు కూడా నిరుపయోగమవుతుంది. అభిమానులు ఈ రెండింటి మధ్య నడిచే సమాచారాన్ని పరిశీలించి, అసలు సర్వరు వలెనే బదులిచ్చే ప్రోగ్రామును కొత్తగా రాస్తారు. దీనిని ఎమ్యులేటరు అంటారు. 1997లో విడుదలైన అల్టిమా ఆన్‌లైన్ కొరకు తయారైన రన్‌యూఓ ఇటువంటిదే. ఆట నడుస్తున్న కాలంలోనే ఆ సమాచారాన్ని భద్రపరచకపోతే, మూతపడిన తరువాత ఈ పని చాలా కష్టం.

సిటీ ఆఫ్ హీరోస్

ఈ ఆట 2004 ఏప్రిల్ 28న అమెరికాలో విడుదలైనది. దక్షిణ కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్ దీని సర్వర్లను 2012 నవంబరు 30న నిలిపివేసింది. ఒక చిన్న బృందం కొన్నేళ్ళుగా ఈ ఆటను రహస్యంగా నడుపుతున్నదని 2019 ఏప్రిల్‌లో బయటపడినది. ఇది ఎమ్యులేటరు కాదు, ఆట యొక్క అసలు కోడు ఆధారంగా నడిచినది. ఇంతకాలం తమకు తెలియనివ్వలేదని మిగిలిన అభిమానులు ఆగ్రహించారు. కొద్దిరోజులకే ఆ కోడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని ఆధారంగా హోమ్‌కమింగ్ సర్వర్లు ఏర్పడి, విరాళాలతో నడిచాయి. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ వీటికి అధికారిక లైసెన్సు ఇచ్చింది.

చట్టపరమైన స్థితి

సంస్థ సర్వర్లను మూసివేసినంత మాత్రాన ఆటపై కాపీహక్కు తొలగిపోదు. కావున లైసెన్సు లేని సర్వరును సంస్థ ఎప్పుడైనా ఆపించగలదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటకు అనుమతి లేకుండా సర్వరు నడిపి, ఆటగాళ్ళ నుండి డబ్బు వసూలు చేసిన ఒకరిపై 2010లో అమెరికా న్యాయస్థానం సుమారు 8.8 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఇదే ఆట యొక్క తొలి రూపాన్ని ఉచితంగా నడిపిన నోస్టాల్రియస్ సర్వరు కూడా, బ్లిజార్డ్ సంస్థ న్యాయవాదుల లేఖ అందిన తరువాత 2016 ఏప్రిల్‌లో మూతపడినది. దాని పునరుద్ధరణ కోరుతూ లక్షలాది మంది వినతిపత్రంపై సంతకాలు చేసారు. 2019 ఆగస్టులో బ్లిజార్డ్ స్వయంగా ఆ పాత రూపాన్ని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ పేరుతో విడుదల చేసింది.