తొలి విత్తనం తేడా వస్తే
వెబ్‌సైట్ తెరుచుకోకముందే డేటాబేస్‌లోకి చేరే జాబితాలు చూడటానికి చిన్నవే. అవి గాడి తప్పితే ఒక జిల్లా రెండవుతుంది, రెండు జిల్లాలు ఒకటవుతాయి

కొత్త వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఫారం తెరవగానే రాష్ట్రం ఎంచుకోమంటుంది. బాణం గుర్తు నొక్కితే పేర్లు వరసగా జారుతూ వస్తాయి. అవి అక్కడికి ఎలా చేరాయని ఎవరూ అడగరు. నిజానికి సైట్ మొదలయ్యేనాటికి డేటాబేస్ అంటే గళ్లు గీసి పెట్టిన ఖాళీ రిజిస్టరే. వినియోగదారులు రాలేదు, లావాదేవీలు లేవు. అయినా రాష్ట్రాలు, జిల్లాలు, పన్ను రేట్లు, ఎవరికి ఏ అధికారం ఉందో చెప్పే హోదాలు, తొలి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ముందే అందులో ఉండాలి. లేకుంటే మొదటి ఫారమే నిండదు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో దీని పేరు సీడ్ డేటా. అచ్చంగా విత్తనమే.

ఒకప్పుడు ఈ పని చేతివాటంగా సాగేది. ఎవరో ఒక ప్రోగ్రామర్ జాబితాను ఒక ఫైలులో రాసుకుని, సర్వర్‌లో ఒకసారి నడిపేవాడు. ఆ ఫైలు అతని కంప్యూటర్‌లోనే ఉండేది. అతను ఉద్యోగం మారితే ఫైలూ వెళ్లిపోయేది. 2004లో రూబీ ఆన్ రైల్స్, 2005లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టిన జాంగో బయటికొచ్చాక వెబ్‌సైట్ల నిర్మాణానికి సిద్ధంగా ఉన్న చట్రాలు దొరికాయి. వీటినే ఫ్రేమ్‌వర్క్‌లంటారు. ఇల్లు కట్టడం సులువైంది. తొలి సామాను ఎక్కడ సర్దాలన్నది మాత్రం కొంతకాలం తేలలేదు. రైల్స్‌లో సీడ్స్ ఫైలుకు అధికారికంగా చోటు దక్కింది 2009లో వచ్చిన 2.3.4 వెర్షన్‌తోనే. ఆలోగా ఆ లోటు తీర్చినవి బయటివాళ్లు రాసిన ప్లగిన్లు, అంటే చట్రానికి తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాములు. సీడ్ ఫూ వాటిలో ఒకటి.

దాని పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు పెడితే పేర్ల వరసలో చదివి డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. రాష్ట్రాల ఫైలుకు 01, జిల్లాల ఫైలుకు 02 అని పేరు పెట్టుకుంటే రాష్ట్రం లేకుండా జిల్లా పుట్టే ప్రమాదం ఉండదు. దాని అసలు తెలివి ఇది కాదు. ప్రతి వరసకూ అది ప్రోగ్రామర్‌ను ఒక ప్రశ్న అడుగుతుంది: దీన్ని దేన్ని బట్టి గుర్తుపట్టాలి? కోడ్‌ను బట్టా, పేరును బట్టా? ఆ గుర్తుతో వరస అప్పటికే ఉంటే దాన్ని సరిదిద్దుతుంది, లేకుంటే కొత్తగా చేరుస్తుంది. పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే.

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుంది? ‘కొత్త వరస చేర్చు’ అని మాత్రమే రాసిన ఫైలును పొరపాటున రెండోసారి నడిపితే జాబితాలో నల్లగొండ రెండుసార్లు కనిపిస్తుంది. సగం మంది ఒకదాన్ని, మిగతావాళ్లు రెండోదాన్ని ఎంచుకుంటారు. నెలాఖరు నివేదికలో నల్లగొండ దరఖాస్తులు సగమే. తప్పు ఎక్కడుందో దొరికేసరికి రెండు నల్లగొండల కిందా వేల రికార్డులు పేరుకుపోయి ఉంటాయి.

సరిదిద్దడంలోనూ మెలిక ఉంది. జాంగోలో ఒకప్పుడు ‘ఇనిషియల్ డేటా’ అనే పేరుతో ఫైలు పెడితే టేబుళ్లను సరిచూసే ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ దానంతటదే మళ్లీ లోడ్ అయ్యేది. ఈలోగా కార్యాలయంలో ఎవరైనా ఒక రేటునో, పేరులో అక్షరదోషాన్నో తెర మీద మార్చి ఉంటే ఆ మార్పు చెప్పాపెట్టకుండా ఎగిరిపోయేది. 2014లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి ఆ పద్ధతిని పక్కన పెడుతూ వచ్చారు. 2015 చివర్లో వచ్చిన 1.9లో పూర్తిగా తీసేశారు. ఒక్కసారే నడిచే డేటా మైగ్రేషన్లు దాని స్థానంలోకి వచ్చాయి. సీడ్ ఫూలోనూ ‘లేకుంటే చేర్చు, ఉంటే ముట్టుకోకు’ అనే ఆదేశం విడిగా ఉంది. ఏ వరస ప్రోగ్రామర్‌ది, ఏ వరస వాడుకునేవాళ్లది అన్న సంగతి ముందే తేల్చుకోవాలన్నమాట. ఆ తగవు తీర్చడం ఏ ప్లగిన్ వల్లా కాదు.

తెలుగు రాష్ట్రాల జాబితాలు ఈ పద్ధతికి పెట్టిన పరీక్ష అంతా ఇంతా కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. తెలంగాణలోని 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. కొత్త పేర్లు చేర్చడం ప్లగిన్‌కు క్షణాల పని. పాత వరంగల్ జిల్లా కింద నమోదైన మనిషి ఇప్పుడు జనగామ వాసా, మహబూబాబాద్ వాసా అన్నది దానికేం తెలుసు? అందుకు మండలం స్థాయి వివరం ముందే తీసుకుని ఉండాలి.

వరంగల్ పేరులోనే ఇంకో ఉచ్చు ఉంది. 2016లో ఆ జిల్లా విడిపోయినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ ఏర్పడ్డాయి. ఉత్త ‘వరంగల్’ అనే జిల్లా లేకుండా పోయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండగా, కొన్ని మార్పులతో రూరల్ మళ్లీ వరంగల్‌గా మారాయి. పేరునే గుర్తుగా పెట్టుకున్న సీడ్ ఫైలు 2016కు ముందటి వరంగల్‌ను చూసి ‘ఉంది కదా’ అనుకుంటుంది. ఉమ్మడి జిల్లా లెక్కలూ కొత్త చిన్న జిల్లా లెక్కలూ ఒకే కుప్పలో పడతాయి. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు. అసలు ప్రమాదం అదే.

ఈ విషయంలో జీఎస్టీ కోడ్లు పద్ధతిగా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను సూచించే 28ని ఎవరికీ కట్టబెట్టకుండా తెలంగాణకు 36, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కు 37 ఇచ్చారు. వాహనాల రిజిస్ట్రేషన్‌లో తెలంగాణ 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారింది. పాత బండ్లు మాత్రం టీఎస్‌తోనే తిరుగుతున్నాయి. టీఎస్‌ను చెరిపి టీజీ అని దిద్దిన సైట్‌లో ఆ బండ్లకు చోటుండదు. రెండూ ఉండాల్సిందే.

చెరపడం మాటకొస్తే, సీడ్ ఫైలులోంచి ఒక పేరు తీసేసినంత మాత్రాన డేటాబేస్‌లోంచి అది పోదు. దాద్రా-నగర్ హవేలీ, డామన్-డయ్యూ 2020 జనవరి 26న ఒకే కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. కొత్త పేరు మాత్రమే చేర్చి ఊరుకున్న సైట్ జాబితాలో మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే అనుభవమున్నవాళ్లు ప్రతి వరస పక్కనా రెండు తేదీల గళ్లు గీస్తారు. ఎప్పటి నుంచి అమల్లోకి వచ్చింది, ఎప్పుడు ఆగింది. కొత్త దరఖాస్తుదారుకు అమల్లో ఉన్న పేర్లే కనిపిస్తాయి, 2015 నాటి రికార్డు తెరిచిన గుమాస్తాకు పాత వరంగల్ పాత వరంగల్‌గానే కనిపిస్తుంది.