వికిరణ కెలోరిమీటరు: నిర్మాణం, క్రమాంకనం

విడవలూరు మండలంలో పెన్నా డెల్టా వరి పొలాలు సముద్రతీరానికి చేరువలోనే ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో పైరుకు కావలసిన నీటిని గణించడానికి గాలి, తేమ, ఉష్ణోగ్రతలతో పాటు సౌరవికిరణ విలువ కూడా అవసరం. రోజుకు చదరపు మీటరుకు 20 మెగాజౌళ్లు చేరే చోట 5 శాతం దోషం ఉంటే 1 మెగాజౌలు తేడా వస్తుంది. పైరు పరావర్తనం చేసే భాగాన్ని మినహాయించి, మిగిలినదంతా నీటిని ఆవిరి చేయడానికే వినియోగమైతే అది సుమారు 0.3 మిల్లీమీటర్ల నీటికి, అనగా ఎకరానికి దాదాపు 1,200 లీటర్లకు సమానం.

వికిరణాన్ని నల్లని వస్తువు గ్రహించేటట్లు చేసి, అది ఎంత వేడెక్కినదో గమనించడమే కెలోరిమీటరు సూత్రం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పూయే 1838 నాటికే నీటి పాత్రతో ఈ పని చేసి, వాతావరణం వెలుపల సౌరశక్తి చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 1.76 కెలోరీలని తేల్చాడు. అది చదరపు మీటరుకు 1,228 వాట్లు. నేటి విలువ 1,361.

ఇదే సూత్రాన్ని 1950లలో అమెరికా అణుపరీక్షలలో రాగి బిళ్ల రూపంలో వాడారు. గాలిలో జరిగే విస్ఫోటనంలో సుమారు మూడోవంతు శక్తి ఉష్ణవికిరణంగా వెలువడుతుంది. నల్లపూత పూసిన బిళ్ల వెనుక ఉష్ణయుగ్మాన్ని అమరుస్తారు. బిళ్ల ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, ఉష్ణోగ్రత పెరుగుదలల లబ్ధాన్ని వైశాల్యం, శోషణ గుణకాల లబ్ధంతో భాగిస్తే పడిన శక్తి తెలుస్తుంది. మందం ఎంపికే ఇక్కడ కీలకం. పలుచని బిళ్ల త్వరగా స్పందిస్తుంది గాని మితిమీరి వేడెక్కుతుంది. మందమైనది అల్ప వికిరణానికి చాలినంత స్పందించదు.

1 మిల్లీమీటరు మందంగల రాగి బిళ్ల, పడినదానిలో 95 శాతం గ్రహిస్తే, 1,000 వాట్ల మధ్యాహ్నపు ఎండలో సెకనుకు 0.28 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. విస్ఫోటన వికిరణం కొద్ది సెకన్లలో ముగుస్తుంది కనుక ఉష్ణనష్టానికి చిన్న సవరణ చాలు. ఎండ అలా ముగియదు. బిళ్ల వేడెక్కేకొద్దీ పరిసరాలకు ఎక్కువ ఉష్ణాన్ని కోల్పోతుంది. అందుకే నీడను, ఎండను మార్చి మార్చి చూపి, చల్లబడే వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

క్రమాంకనానికి గణితం ఒక్కటే ఆధారం కాజాలదు. నల్లపూత శోషణ గుణకం కాలక్రమేణా మారుతుంది. అంగ్‌స్ట్రామ్ 1893లో చూపిన ఉపాయం సొగసైనది. రెండు సమానమైన పట్టీలలో ఒకదానిని ఎండలో, మరొకదానిని నీడలో ఉంచి, నీడలోని దానిని విద్యుత్తుతో అదే ఉష్ణోగ్రతకు తేవాలి. విద్యుచ్ఛక్తిని ఖచ్చితంగా కొలవగలం కనుక వికిరణశక్తి దానివల్లనే తెలుస్తుంది. నేటి ప్రామాణిక రేడియోమీటర్లు ఈ విద్యుత్ ప్రత్యామ్నాయ సూత్రంపైనే పనిచేస్తాయి. వాటి ప్రపంచ ప్రమాణం స్విట్జర్లాండులోని దావోస్‌లో ఉంది. మన దేశంలో సౌరవికిరణ కేంద్రాల వ్యవస్థను 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా అన్నా మణి నెలకొల్పారు.

తీరప్రాంతంలో పైరనోమీటరు గాజు గుమ్మటంపై ఉప్పు పొర పేరుకొంటుంది. స్వేదనజలంతో తడిపిన మెత్తని గుడ్డతో ప్రతి ఉదయం దానిని తుడవాలి. నిర్మలాకాశం ఉన్న మధ్యాహ్న వేళ తుడవక ముందు, తుడిచిన వెంటనే వచ్చిన విలువలను అప్పుడప్పుడు నమోదు చేస్తే ఆ పొర వలన కలిగే నష్టమెంతో ఆ కేంద్రానికే ప్రత్యేకంగా తేలుతుంది.