చారన్నం కంటే ముద్దపప్పు నయం

పక్షవాతంతో మంచాన పడి, ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన మనిషికి తెలుగిళ్లలో మొదట పెట్టేది చారన్నమో మజ్జిగన్నమో. తేలిగ్గా గొంతు దిగుతుందని అందరి నమ్మకం. కానీ మింగడం కష్టమైనవారికి ఆ రెండూ ప్రమాదకరమే. మెతుకులు ఇంకా నోట్లో నలుగుతుండగానే పలుచటి చారు ముందుగా గొంతులోకి జారిపోతుంది. అప్పటికి శ్వాసనాళం మూసుకుని ఉండదు.

గొంతులో అన్నానికీ గాలికీ కొంతదూరం దారి ఒకటే. ముద్ద నాలుక వెనక్కి చేరగానే ఊపిరి క్షణం ఆగుతుంది. స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక దానిమీదికి వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరపడతాయి, ఆహారనాళం తెరుచుకుంటుంది. ఇదంతా దాదాపు ఒక్క సెకనులో జరిగిపోతుంది. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులు, గొంతు క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్... వీటిలో ఏది వచ్చినా ఈ వరుస తప్పవచ్చు. రేడియేషన్ లాలాజలాన్ని కూడా ఎండగడుతుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో చుట్టకు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటువల్ల నోటి క్యాన్సర్ బారిన పడ్డవారికి ఈ బాధ తెలుసు.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం. నిజానికి ఆ దగ్గు శరీరానికి కాపలా. అసలు భయపడవలసింది దగ్గే రానప్పుడు. నరాల స్పర్శ తగ్గిన రోగుల్లో ఆహారం చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియోలోనో, ముక్కు ద్వారా పంపే సన్నని కెమెరాతోనో దీన్ని పట్టుకోవచ్చు.

అన్నిటికంటే తొందరగా గొంతులోకి పరుగెత్తేవి మంచినీళ్లు. అందుకే కొందరికి పానీయాలను చిక్కబరచి ఇస్తారు. ఎంత చిక్కన? ఒక్కో ఆస్పత్రి ఒక్కో మాట చెబుతుంటే రోగులు ఇబ్బంది పడేవారు. ఆ గందరగోళం తీర్చడానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ బృందం 0 నుంచి 7 వరకు మెట్లు ఏర్పరచింది. చిక్కదనం పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. 10 మిల్లీలీటర్ల సిరంజిలోంచి పిస్టన్ తీసేసి, కొసను వేలితో మూసి, 10 మిల్లీలీటర్ల గీత దాకా పానీయం పోసి, వేలు తీసి 10 సెకన్లు కారనివ్వాలి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే 1వ మెట్టు, 4 నుంచి 8 మిగిలితే 2వది, 8 దాటి మిగిలితే 3వది. అసలు కారకపోతే 4. సంస్థ సూచించిన కొలతల సిరంజినే వాడాలి. ముద్దగా తినే ఆహారానికి ఫోర్కు చాలు: 5వ మెట్టు ఆహారంలో తునకలు పెద్దవాళ్లకు 4 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే సుమారుగా ఫోర్కు పళ్ల మధ్య సందంత.

ఈ మెట్లకు మన వంటగది బాగానే సరిపోతుంది. మెత్తగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి మెతుకు తెలియకుండా మెదిపితే ముద్ద విడిపోకుండా జారుతుంది. ఇడ్లీని పాలలో నానబెట్టి, తేలిన పాలు వంచేసి మెదపవచ్చు. మిక్సీలో వేసేటప్పుడు నీళ్లు పోస్తే పోషకాలు పలచబడతాయి, పాలో పప్పుకట్టో పోయడం మేలు. రాగిజావ చిక్కగానే ఉంటుంది కానీ, మొలకెత్తించిన రాగులపిండితో కాస్తే పలచబడుతుంది. మొలకల్లోని అమైలేజ్ ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. అదే ఎంజైము మన ఉమ్మిలోనూ ఉంది. అందుకే కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరచిన పానీయంలో ఎంగిలి చెంచా పెడితే కాసేపటికి నీరుకారిపోతుంది. జాంథాన్ గమ్ కలిపిన పొడులకు ఆ ఇబ్బంది లేదు.

రోగి అనగానే చప్పిడి కూడు పెట్టడం ఎంతమాత్రం న్యాయం కాదు. నరాల జబ్బుతో మింగలేని రోగుల్లో నిమ్మరసం కలిపిన పుల్లని ముద్ద మింగే క్రియను త్వరగా మొదలుపెడుతుందని 1995లో జెరీ లోగ్‌మన్ బృందం చూపించింది. మెత్తగా రుబ్బిన గోంగూర, పీచు తీసేసిన ఆవకాయ గుజ్జు, వడగట్టిన తాలింపు నూనె వాసన వీరికీ దక్కాలి. ఆవాలు, కరివేపాకు మాత్రం తీసేయాలి. నోరు పుండ్లు పడ్డవారికి కారం, పులుపు తగ్గించాలి.

అలాగని అందరికీ అన్నీ చిక్కబరచడమూ పొరపాటే. చిక్కటి నీళ్లు తాగలేక చాలామంది గ్లాసు పక్కన పెట్టేస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది. 2008లో వెలువడిన అమెరికా అధ్యయనంలో డీహైడ్రేషన్, మూత్రనాళ ఇన్ఫెక్షన్, జ్వరం కలిపి చూస్తే చిక్కటి పానీయాలు తాగినవారిలోనే ఎక్కువ కనిపించాయి. కాబట్టి మెట్టును నిర్ణయించవలసింది మింగే పరీక్ష, పక్కింటివారి సలహా కాదు.

న్యుమోనియాను ఆపడంలో నోటి శుభ్రతదీ పెద్ద పాత్రే. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లపాటు సాగి, 2002లో వెలువడిన అధ్యయనంలో, రోజూ పళ్లు తోమించినవారిలో 11 శాతం మందికి, తోమించని వారిలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. ఉమ్మితోపాటు లోపలికి పోయే సూక్ష్మజీవులే తేడా. ఇంత చవకైన వైద్యం మరొకటి దొరకదు.

ఇంట్లో ఇలాంటివారు ఉంటే నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి. చెంబు ఎత్తి తల వెనక్కి వాల్చి తాగే మన అలవాటు వారికి చేటు. ఆ భంగిమలో శ్వాసమార్గానికి రక్షణ తగ్గుతుంది. మాత్రలు నలిపేముందు వైద్యుణ్ని అడగండి, నెమ్మదిగా కరగవలసిన వాటిని నలపకూడదు. తిన్నాక గొంతు తడితడిగా పలకడం, బుగ్గలో ముద్ద మిగలడం, మాటిమాటికీ జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మింగే సమస్యకు చికిత్స చేసేదీ వారే. అన్నిటికీ మించి, పక్షవాతం వచ్చిన మనిషికి మింగే పరీక్ష పూర్తయ్యేదాకా గుక్కెడు కాఫీ కూడా నోట్లో పోయకండి.