మీకు తెలుసా? పాత జీపుకి పొదుపైన ఇంజన్

అమెరికాలో పాత ఫోర్డు కార్లకు పెద్ద వీ8 ఇంజన్ బిగించడం వేగం కోసం. మన జీపుల్లో ఇంజన్ మార్పు ఎక్కువగా ఖర్చు తగ్గించుకోవడానికే జరిగింది.

మహీంద్రా జీపుల్లో డీజిల్‌కి ముందు ఉన్నది విల్లీస్ హరికేన్ 2.2 లీటర్ల పెట్రోలు ఇంజన్. బలమైనదే, కానీ తాగుబోతు! ఆ తర్వాత ఇంటర్నేషనల్ ట్రాక్టర్ వంశపు డీజిల్, ఆపైన ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 (2112 సీసీ) వచ్చాయి.

డీజిల్ ఎందుకు మిగులుస్తుంది? హరికేన్ గాలిని సుమారు 7 రెట్లు నొక్కితే, ప్యూజో 20 రెట్లకు పైగా నొక్కుతుంది; ఎక్కువ నొక్కితే అదే ఇంధనం నుంచి ఎక్కువ పని వస్తుంది. పైగా డీజిల్‌లో గాలికి అడ్డుపడే థ్రాటిల్ సాధారణంగా ఉండదు కాబట్టి, కాలు తేలిగ్గా వేసి నడిపినప్పుడు ఆదా బాగా తెలుస్తుంది.

హోసూరు దగ్గరి రాయకోట చుట్టుపక్కల గుట్టల దారుల్లో, టమాటా బుట్టలతో ఎక్కేటప్పుడు ట్రాక్టర్ రకం ఇంజన్ లాగుడు బాగుంటుంది. అయితే అది నెమ్మదిగా తిరుగుతుంది. వెనుక క్రౌన్ పినియన్ నిష్పత్తి మార్చకుండా బిగిస్తే, హోసూరు హైవే మీద అరుపు తప్ప వేగం రాదు. బరువు ఎక్కువ కనుక ముందు స్ప్రింగులు, బ్రేకులు కూడా చూసుకోవాలి. మైలేజీ లెక్కలోకి ఈ ఖర్చులూ వేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇంజన్ కొనేముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది.