రాత్రి రైలుకు ఫొటో

పిల్లలూ, నల్లని ఆవిరి ఇంజనును చీకటి రాత్రి, అదీ పరుగెత్తుతూండగా ఫొటో తీయాలంటే ఎలా? అమెరికాలో విన్‌స్టన్ లింక్ అనే ఆయన 1955లో ఈ పనికి పూనుకున్నాడు. అప్పటికి అక్కడి రైల్వేలు డీసెలుకు మారిపోతున్నాయి. ఆవిరిని చివరిదాకా వదలని పెద్ద రైల్వే నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్.

పగలే తీయవచ్చు కదా అంటారేమో! పగలు ఎండ ఎటు పడితే అటే. సూర్యుణ్ణి మనం జరపలేము. రాత్రయితే వెలుగు మన చేతిలో ఉంటుంది. అందుకని ఆయన పట్టాల పక్కన ఫ్లాష్ బల్బులు అమర్చి, తీగలతో కలిపి, రైలు కోసం కాచుకునేవాడు. ఆ బల్బు ఒక్కసారే వెలిగి మాడిపోతుంది. రైలా, ఆగదు. మీట ఒక్క క్షణం అటూ ఇటూ అయితే పడిన పాటంతా వృథా! (మా బడి గ్రూపు ఫొటోలో ఎప్పుడూ ఎవడో ఒకడు కళ్లు మూసేవాడు. మాకైతే మళ్లీ తీసే వీలుండేది.)

1956లో తీసిన ఒక ఫొటోలో జనం కార్లలోనే కూర్చుని సినిమా చూస్తూంటారు. తెరమీద విమానం, ఆ పక్కనే తెల్లని ఆవిరి చిమ్ముతూ రైలు! నిజానికి ఫ్లాషు వెలుగుకు తెరమీది బొమ్మ కనబడకుండా పోయింది. విమానాన్ని తరువాత వేరే నెగెటివునుంచి చేర్చాడు.

1960లో ఆ రైల్వేలో ఆవిరి ఇంజన్ల మామూలు సర్వీసు ముగిసింది. రోనోక్ ఊళ్లోని పాత స్టేషనులో 2004లో ఆయన ఫొటోలకు మ్యూజియం తెరిచారు. అన్నట్టు, ఆ ఇంజన్ల కూతలను, చక్రాల చప్పుడును కూడా ఆయన టేపుమీద పట్టి ఉంచాడు.