ముఖానికి రోజుకు 15 రూపాయలు

మందుల షాపు అద్దాల బీరువాలో రెండు వందల రూపాయల సన్‌స్క్రీన్ పక్కనే పదిహేను వందల రూపాయలదీ ఉంటుంది. రెండింటి మీదా ఎస్‌పీఎఫ్ 50 అనే రాసి ఉంటుంది. చవకది కొంటే ముఖం పాడవుతుందేమోనని ఒక భయం, ఖరీదైనది కొంటే డబ్బు దండగేమోనని ఇంకో భయం. చాలామంది ఈ రెండింటి మధ్యా నలిగి, చివరికి షాపులో అబ్బాయి చేతికిచ్చింది తెచ్చుకుంటారు. నిజానికి మనకు కావలసిన వివరాలు చాలావరకు డబ్బా మీదే ఉంటాయి. చదవడం తెలిసి, కాస్త భాగహారం చేసుకుంటే చాలు.

సన్‌స్క్రీన్, సీరమ్‌లలో ముందు ఏది కొనాలన్న సందేహం తీర్చుకుందాం. సన్‌స్క్రీనే. నెలకు మూడు వందలకు మించి పెట్టలేకపోతే ఆ మొత్తం దానికే పెట్టండి, సీరమ్ తర్వాత చూసుకోవచ్చు. మచ్చలు తగ్గడానికి రాత్రి సీరమ్ రాసుకుని పొద్దున్నే ఉత్త ముఖంతో ఎండలోకి వెళ్తే, తగ్గిన మచ్చ మళ్లీ ముదురుతుంది. అప్పుడు సీరమ్‌కు పెట్టిన డబ్బు కూడా వృథానే.

రోజూ రాస్తే నిజంగా తేడా ఉంటుందా? ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణంలో 1992 నుంచి నాలుగున్నరేళ్లు ఈ సంగతే పరీక్షించారు. కొందరిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతావారిని ఎవరి అలవాటు ప్రకారం వాళ్లను ఉండమన్నారు. 55 ఏళ్లలోపు వాళ్లు 903 మంది చర్మాన్ని పోల్చి చూస్తే, రోజూ రాసుకున్నవాళ్లలో ఎండవల్ల వచ్చే ముడతలు, గరుకుదనం 24 శాతం తక్కువ కనిపించాయి. అక్కడ వాడింది ఎస్‌పీఎఫ్ 15 స్థాయి మామూలు క్రీమే. వాళ్లది తెల్ల చర్మం కాబట్టి అదే అంకెను మనకు అంటగట్టలేం. కానీ ట్యూబు ఖరీదు కంటే రోజూ రాసే అలవాటే పనిచేస్తుందన్న విషయం మాత్రం అందరికీ వర్తిస్తుంది.

ఇక ఎస్‌పీఎఫ్ అంటే ఏమిటి? ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు మన దాకా వస్తాయి. యూవీబీ చర్మాన్ని కమిలిస్తుంది. యూవీఏ ఇంకా లోతుకు దిగి మచ్చలు, ముడతలు తెస్తుంది. ఎస్‌పీఎఫ్ అన్నది ముఖ్యంగా యూవీబీ నుంచి దొరికే రక్షణను చెప్పే అంకె. కమిలించే కిరణాలు నూరు పడితే ఎస్‌పీఎఫ్ 15 దాటి చర్మం దాకా వచ్చేవి సుమారు 7, ఎస్‌పీఎఫ్ 30 దాటి వచ్చేవి 3, ఎస్‌పీఎఫ్ 50 దాటి వచ్చేవి 2. పదిహేను నుంచి ముప్ఫైకి వెళ్తే లాభం బాగా ఉంది. ముప్ఫై నుంచి యాభైకి వెళ్తే నూటికి ఒక్క కిరణమే తేడా. అందుకని రోజువారీ వాడకానికి 30 సరిపోతుంది. ధర ఒకటే అయితే 50 తీసుకోండి, ఎందుకు తీసుకోమంటున్నానో కింద కొలత దగ్గర తెలుస్తుంది. 50 అని రాసినందుకు రెట్టింపు ధర అడిగితే మాత్రం ఇవ్వనక్కర్లేదు.

ఎస్‌పీఎఫ్ 50 అంటే యాభై రెట్లు ఎక్కువసేపు ఎండలో ఉండొచ్చని అనుకునేవాళ్లున్నారు. అలా లెక్క కట్టకండి. పొద్దున ఎనిమిదింటి ఎండ, మధ్యాహ్నం ఒంటిగంట ఎండ ఒకటి కావు. పైగా క్రీమ్ చెమటకు కారిపోతుంది, చేతిరుమాలుకు అంటుకుపోతుంది.

మన అవసరానికి ఎస్‌పీఎఫ్ కంటే తక్కువేమీ కాని గుర్తు ఇంకోటుంది. అదే పీఏ. జపాన్‌లో మొదలైన ఈ గుర్తు యూవీఏ నుంచి రక్షణ ఎంతో చెబుతుంది. పక్కన ప్లస్సులు ఎన్ని ఉంటే అంత మేలు. నాలుగు ప్లస్సులు అన్నిటికంటే పై స్థాయి, మూడుకు తగ్గకుండా చూసుకోండి. యూవీఏ కిటికీ అద్దంలోంచి కూడా లోపలికి వస్తుంది. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవర్ ఫొటోను 2012లో ఒక ప్రముఖ వైద్య పత్రిక ప్రచురించింది. కిటికీ వైపున్న ఎడమ చెంపంతా లోతైన ముడతలే, కుడి చెంప మీద అవి చాలా తక్కువ. మన బళ్లలో డ్రైవర్ కిటికీ కుడివైపు కాబట్టి ఇక్కడ క్యాబ్ నడిపేవాళ్లకు ఆ ముప్పు కుడి చెంపకు. ఆఫీసులో కిటికీ పక్క కూర్చునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ పెద్దక్షరాల్లో ఉండి, పీఏ గుర్తుగానీ, రెండు రకాల కిరణాలనూ ఆపుతుందన్న మాటగానీ ఎక్కడా లేకపోతే దాన్ని బీరువాలోనే వదిలేయండి.

ఇప్పుడు అసలు విషయం, కొలత. పరీక్షశాలలో ఎస్‌పీఎఫ్ కట్టేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీమ్ రాస్తారు. ముఖం, మెడ కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు ఉంటాయి. అంటే 1,200 మిల్లీగ్రాములు, గ్రామూపావు కంటే కొంచెం తక్కువ. ఇంట్లో దీన్ని కొలవడానికి చర్మవైద్యులకు ఒక సులువైన పద్ధతి ఉంది. చూపుడువేలి చివరి గీత నుంచి వేలి కొస దాకా ట్యూబు నుంచి ఒక వరస పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. ముఖానికీ మెడకూ అలాంటివి రెండున్నర వరసలు కావాలి. అంటే గ్రామూపావు. స్పూనుతో అయితే పావు టీస్పూను.

ఇంత రాస్తే ముఖం జిడ్డుగా ఉండదా? ఒకేసారి పులిమితే ఉంటుంది. సగం రాసి, ఒకట్రెండు నిమిషాలు ఆగి మిగతా సగం రాయండి, సర్దుకుంటుంది. తక్కువ రాస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. 50 గ్రాముల ట్యూబు, రోజుకోసారి సరైన కొలతలో రాస్తే 40 రోజుల్లో అయిపోవాలి. మీ ఇంట్లో అది నాలుగు నెలలు వస్తోందంటే, రాయాల్సిన దాంట్లో మూడో వంతే రాస్తున్నారన్నమాట. అప్పుడు డబ్బా మీద 50 అని ఉన్నా మీ ముఖం మీద ఉన్నది మహా అయితే 17, చాలాసార్లు అంతకన్నా తక్కువే. ధర ఒకటైతే 50 తీసుకోమన్నది ఇందుకే. కాస్త తక్కువ రాసినా కొంత మిగులుతుంది. ట్యూబు తెరిచిన రోజునే దాని మీద పెన్నుతో తేదీ రాసిపెట్టుకుంటే, మీరు ఎంత రాస్తున్నారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చవక, ఖరీదు అన్న లెక్క ఇక్కడే తేలుతుంది. ట్యూబు ధర చూడకండి, గ్రాము ధర చూడండి. ఉదాహరణకు 50 గ్రాములది 400 రూపాయలైతే గ్రాము 8 రూపాయలు, రోజుకోసారి వాడకానికి 10 రూపాయలు. అర లీటరు పాల ప్యాకెట్‌కు పెట్టేదాంట్లో సుమారు మూడో వంతు. 330 రూపాయలకే వస్తోందని 30 గ్రాములది తీసుకుంటే గ్రాము 11 రూపాయలు పడుతుంది. 80 గ్రాములది 560 అని వెనక్కి పెట్టేస్తాం గానీ, అందులో గ్రాము 7 రూపాయలే. 1,500 రూపాయల ట్యూబులో 50 గ్రాములే ఉంటే రోజుకు 37 రూపాయల పైనే. అంత పోసి కొన్నవాళ్లు పిసినారిగా చుక్కచుక్క రాస్తారు. నా ఉద్దేశంలో, మనసొప్పి ధారాళంగా రాసుకోగలిగిన ట్యూబే మీకు సరైన ట్యూబు.

రోజుకు ఎన్నిసార్లు? ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి అన్నది వైద్యుల మాట. ఇంట్లో, ఆఫీసులో ఉండేవాళ్లకు అంత అవసరం లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బయటికి వెళ్లాల్సి వస్తే వెళ్లే ముందు ఇంకోసారి. యూవీ ఇండెక్స్ అని ఎండ తీవ్రతకు ఒక అంకె ఉంది, ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్‌లలోనే కనిపిస్తుంది. అది 3 చేరినప్పటి నుంచి జాగ్రత్తపడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అది 11 కూడా దాటుతుంది. అలాంటి ఎండలో రోజంతా పొలంలో, ఉపాధి పనుల్లో ఉండేవాళ్లకు రెండు గంటలకోసారి రాయమని చెప్పడం అన్యాయం. ఆ లెక్కన నెలకు వెయ్యి రూపాయలు దాటుతుంది. వాళ్లు తలకు చుట్టుకునే తువ్వాలు, కప్పుకునే కొంగు, అంచు వెడల్పున్న టోపీ మంచి రక్షణే. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు చుట్టుకునే చున్నీ కూడా అంతే. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉండాలి. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే అవతలివి కనిపించే పల్చటి చున్నీ కిరణాలను పెద్దగా ఆపదు.

"మనది నల్ల చర్మం, మనకెందుకివన్నీ?" అనేవాళ్లూ ఉంటారు. ఇందులో కొంత నిజముంది. ఆఫ్రికా మూలాలున్న నల్లవారి చర్మం పై పొరకు సహజంగానే ఎస్‌పీఎఫ్ 13 దాకా రక్షణ ఉందని 1979లోనే కొలిచారు. మన చామనఛాయకు అంత ఉండకపోయినా, తెల్లవాళ్ల కంటే మనకు చర్మం కమలడం, చర్మ క్యాన్సర్ తక్కువే. మన బాధ వేరే. మొటిమ తగ్గిన చోట నల్లమచ్చ నెలల తరబడి పోదు. కాన్పుల వయసులో చెంపల మీద మంగు వస్తుంది. రంగు ఎక్కువగా తయారుచేసే చర్మానికి ఎండ తగిలితే ఇవి ఇంకా ముదురుతాయి. మంగు విషయంలో ఇంకో చిక్కుంది. కంటికి కనిపించే వెలుతురు కూడా దాన్ని పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును ఆపలేదు. అందుకే మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత గోధుమరంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ తీసుకోవడం మంచిది.

సన్‌స్క్రీన్ రాసి ఎండను ఆపితే విటమిన్ డి తగ్గిపోదా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ముఖం, మెడ కలిపినా ఒంటి మీది చర్మంలో నూటికి నాలుగు వంతులు కూడా ఉండవు. ఎండ తగలడానికి చేతులు, కాళ్లు ఉన్నాయిగా.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు చర్మానికి సౌమ్యమైనవి, కానీ మన రంగు మీద విభూది పూసినట్టు తెల్లగా తేలతాయి. అది ఇష్టం లేనివాళ్లకు, చెమట ఎక్కువ పట్టేవాళ్లకు జెల్ రకం నప్పుతుంది. పొడిచర్మం వాళ్లకు క్రీమ్ రకం. ఏది తెచ్చుకున్నా స్కూటీ డిక్కీలో, కారులో వదిలేయకండి, వేడికి పాడవుతుంది.

ఇక సీరమ్. ఒకట్రెండు పనిచేసే పదార్థాలను కాస్త గాఢంగా కలిపిన పల్చటి ద్రవం, అంతే. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది నియాసినమైడ్. ఇది విటమిన్ బి3లో ఒక రూపం. మచ్చలను కొద్దికొద్దిగా పల్చబరుస్తుంది, జిడ్డు తగ్గిస్తుంది, చర్మం పై పొరను గట్టిపరుస్తుంది, చాలామందికి పడుతుంది. పరిశోధనల్లో పనిచేసిన మోతాదు ఎక్కువగా 2 నుంచి 5 శాతం. బజార్లో 10 శాతం రాసినవే ఎక్కువ కనిపిస్తాయి. 10 అంటే 5కు రెట్టింపు ఫలితం అనుకోకండి, కొందరికి మంట మాత్రం పుట్టొచ్చు. మొటిమలు, మూసుకుపోయిన రంధ్రాలు ఎక్కువుంటే 2 శాతం శాలిసిలిక్ యాసిడ్ చూడొచ్చు. చర్మం బిగుసుకుపోయినట్టుంటే తేమను పట్టి ఉంచే హయలురోనిక్ యాసిడ్. ఆ పనిని మంచి మాయిశ్చరైజర్ కూడా చేస్తుంది కాబట్టి దానికోసం విడిగా డబ్బు పెట్టకపోయినా ఫర్వాలేదు.

విటమిన్ సి సీరమ్ మంచిదేగానీ గారాబం ఎక్కువ. గాలి, వెలుతురు తగిలితే చెడిపోతుంది. నీళ్లలా ఉన్నది ముదురు నారింజ రంగుకు తిరిగితే దాని పని అయిపోయినట్టే. కొనేటట్టయితే ముదురు రంగు చిన్న సీసా కొనండి. 20 శాతం దాటితే చర్మంలోకి ఇంకేది పెరగదు, కాబట్టి అంతకు మించిన అంకెకు డబ్బు పెట్టకండి.

సీసా వెనక పదార్థాల పట్టిక ఎలా చదవాలి? ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక అన్నది నియమం. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. ముందు వైపు పెద్ద పేరుతో ఊరించిన పదార్థం, వెనక పట్టికలో సువాసన కోసం కలిపినదాని తర్వాత ఎక్కడో ఉంటే, అది అందులో నామమాత్రంగానే ఉండి ఉంటుంది.

సీరమ్ ఖర్చును చుక్కల్లో చూడాలి. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు, కాబట్టి 30 మిల్లీలీటర్ల సీసాలో 600 చుక్కలు. ముఖానికి నాలుగైదు చుక్కలు చాలు. రోజుకు 5 చుక్కలైతే 120 రోజులు వస్తుంది. 600 రూపాయల సీసా అయినా రోజుకు 5 రూపాయలే. డ్రాపర్ నిండా తీసి రాస్తే అదే సీసా నెలలో అయిపోతుంది, రోజుకు 20 రూపాయలు. సన్‌స్క్రీన్ దగ్గర చెయ్యి ధారాళంగా ఉండాలి, సీరమ్ దగ్గర పొదుపు చెయ్యాలి. మనలో ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు.

రాసేటప్పుడు సీరమ్ ముందు, ఆ తర్వాత మాయిశ్చరైజర్, అన్నిటికీ పైన సన్‌స్క్రీన్. కొత్తది ఏదైనా మొదట మోచేతి లోపలి వైపు రెండు మూడు రోజులు రాసి చూడండి. రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. రెటినాల్ అనే పదార్థం ఉన్న సీరమ్ రాత్రిపూట మాత్రమే, గర్భిణులు అసలు వాడకూడదు. మచ్చల్లో తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నెల తిరక్కుండా సీసా మార్చేస్తే దేని ఫలితమూ తేలదు.

వారంలోనే ముఖం తెల్లగా మెరిసిపోతోందంటే మాత్రం అనుమానించండి. తెలిసినవాళ్లు చెప్పారనో, షాపులో ఇచ్చారనో వాడే కొన్ని క్రీముల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. ఇవి డాక్టరు చూసి, రోజులు లెక్కపెట్టి ఇవ్వాల్సిన మందులు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మీ ట్యూబు మీద ఈ పేర్లలో ఏదైనా కనిపిస్తే కంగారుపడి ఒక్కరోజులో మానేయకండి, అలా మానితే ముఖం భగ్గుమంటుంది. ట్యూబు వెంట తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. జిల్లా కేంద్రాల్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సాధారణంగా చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకుండా చెబితే, మెల్లగా ఎలా మానాలో వాళ్లు చెబుతారు.