నడివయసు తొందరగా వచ్చే సీమ

కృష్ణా డెల్టాలోని దివిసీమలో వయసు లెక్కకు ఉప్పెన కొండగుర్తు. ఉప్పెన నాటికి చంకలో పిల్ల ఉందనీ, ఉప్పెన వెళ్లిన రెండేళ్లకు పెళ్లయిందనీ నాగాయలంక, కోడూరు వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదకు వచ్చి పడింది. ప్రాణాలు పోయినవారి సంఖ్య వేలల్లో ఉంది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలకు 2027లో యాభై నిండుతాయి. పుట్టిన తేదీ ప్రకారం వాళ్లది ఇప్పుడు నడివయసు. ఒంటి సంగతి చూస్తే మాత్రం, వాళ్లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఆడవాళ్లకు అది ముప్పై అయిదేళ్లకే, ఆపరేషను బల్ల మీద మొదలైపోయింది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి 3.3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 మంది. పక్కనే తెలంగాణలో 8.2. అంతకు ముందు 2015–16 సర్వేలోనూ మన రాష్ట్రమే అందరికన్నా పైన ఉంది. దేశం మొత్తమ్మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. ఎక్కువమంది చెప్పిన కారణం ఒకటే, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం.

డెల్టా పల్లెలో ఒక ఆడమనిషి జీవితం ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ అంకెలకు అర్థం దొరుకుతుంది. అదే సర్వేలో, 20–24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు రాష్ట్రంలో నూటికి 29 మంది. ఇరవై రెండు ఇరవై మూడుకల్లా ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషను. పెళ్లయిన స్త్రీలలో ఆ ఆపరేషను చేయించుకున్నవారు దాదాపు నూటికి 70 మంది. ఆ తర్వాత నాట్లు, కలుపులు, కోతలు, కోతలయ్యాక మినుము పీకడం. బురదలో రోజంతా వంగి చేసే పనికి నడుంనొప్పి, తెల్లబట్ట, నెలనెలా రక్తం ధారగా పోవడం తోడవుతాయి. సగానికి పైగా ఆడవాళ్లలో రక్తహీనత ఉన్న రాష్ట్రం ఇది. మందులకు తిరిగి తిరిగి విసిగిపోయాక, ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది’ అనే మాట ఏదో ఒక మూల నుంచి చెవిన పడుతుంది. చెప్పేది పక్కింటి వదిన కావచ్చు, ఆర్‌ఎంపీ కావచ్చు. పాపం, కూలి పోగొట్టుకోలేని మనిషికి ఆ మాట పెద్ద ఊరటలా వినిపిస్తుంది.

గర్భసంచి తీయడం తప్పనిసరయ్యే సందర్భాలు ఉన్నాయి. క్యాన్సరు, బాగా పెరిగి బాధపెట్టే గడ్డలు, గర్భసంచి కిందికి జారడం, ఏ మందుకూ ఆగని రక్తస్రావం ఉన్నప్పుడు ఆ ఆపరేషను ప్రాణం నిలబెడుతుంది. ఉత్త తెల్లబట్టకూ, నడుంనొప్పికీ చేసినప్పుడే అది అన్యాయం. హైదరాబాదులో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఈ సంగతే.

ఆపరేషను తర్వాతి రోజుల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి ఏడు ఆమెకు నిజంగానే హాయి. గుడ్డల బెడద లేదు, రక్తం పోదు. ఆ పైన ఒకనాటి రాత్రి ఒళ్లంతా ఆవిర్లు వచ్చినట్టు సెగ, చెమట, గుండెదడ. నిద్ర పట్టదు. కీళ్లు పట్టేస్తాయి. చిన్నమాటకే కోపం, కోపం వెంటే ఏడుపు. ‘ఆపరేషనైనప్పటి నుంచీ ఒంట్లో సత్తువ లేదు’ అనే మాట డెల్టాలో ఏ ఇంటికి వెళ్లినా వినబడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని సణుగుడు అనుకుంటారు. అసలు కారణం ఒంట్లోనే ఉంది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు ముందే బోలవుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా అవి మామూలు కన్నా ముందే అలిసిపోయే అవకాశం ఉంది.

సహజంగా ముట్లు ఆగిపోయేది మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు. పాశ్చాత్య దేశాల్లో అది 51. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే నెలలు తప్పడం, ఒకసారి ఎక్కువగా మరోసారి తక్కువగా కావడం మొదలవుతుంది. వరసగా పన్నెండు నెలలు రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. ఇది జబ్బు కాదు. కానీ ఆ కొన్నేళ్లలో కలిగే దిగులు, చిరాకు, మరుపు మాత్రం నిజమైనవే.

దిగులొక్కటే ఉంటుందనుకోవడమూ సరికాదు. ముట్టు, మైల పాటించే ఇళ్లలో ఈ వయసు ఒక విడుదల. ఆవకాయ జాడీ ముట్టుకోవడానికి రోజులు లెక్కపెట్టుకోనక్కర్లేదు. మాఘపౌర్ణమికి హంసలదీవి సాగరసంగమంలో మునగాలంటే నెలసరి వాయిదా పడే మాత్రలు మింగనక్కర్లేదు. ఇంట్లో ఆమె మాటకు బరువు వస్తుంది. చిన్నప్పుడే పెళ్లయినవాళ్లు నలభైకే అమ్మమ్మలవుతారు. బందరు (మచిలీపట్నం) బజారులో కూరలమ్మి ‘అక్కా’ అనడం మానేసి ‘మామ్మగారూ’ అన్న నాడు మనసు చివుక్కుమన్నా, ఆ పిలుపుతో కూర్చోడానికో పీట కూడా వస్తుంది.

గుడివాడ వైపు ఈ వయసుకు ఇంకో రూపం ఉంది. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడతారు. కూతురి పురుటికని తల్లి విజిటర్ వీసా మీద ఆరు నెలలు వెళ్తుంది. సరిగ్గా ఒంట్లో సెగలు మొదలైన రోజుల్లో, బయట మంచు కురిసే ఊళ్లో, కారు నడపడం రాక, మాట్లాడే ఇరుగుపొరుగు లేక, బాలింతకు పథ్యం వండుతూ మనవణ్ణి ఎత్తుకుని తిరుగుతుంది. తిరిగొచ్చాక రెండంతస్తుల ఇంట్లో భార్యాభర్తలిద్దరే. పిల్లలు బాగున్నారన్న సంతోషం, తనతో ఇక ఎవరికీ పనిలేదన్న బెంగ రెండూ ఒకేసారి ఉంటాయి. ఆమె చెప్పుకునేది మొదటిదే.

ఒకప్పుడు ఈ వయసుదాకా బతకడమే గొప్ప. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని తపించిన ఆమె 1905లో, ముప్పై దాటగానే కన్నుమూసింది. ఆ రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం పాతికేళ్లు కూడా లేదు. ఇప్పుడు స్త్రీల సగటు ఆయుష్షు 70 దాటింది. అంటే ముట్లు ఆగాక ఇంకా పాతికేళ్ల జీవితం ఉంది. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో నడిపిన ‘ప్రమదావనం’ శీర్షికకు దశాబ్దాలపాటు ఉత్తరాలు వచ్చాయంటే, తల్లినీ వదిననూ అడగలేని మాటలు ఆడవాళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

ప్రభుత్వం కూడా ఈ వయసును ఒకసారి విడిగా గుర్తించింది. 2020 ఆగస్టులో మొదలైన చేయూత పథకంలో 45–60 ఏళ్ల బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ స్త్రీలకు ఏటా 18,750 రూపాయలు ఇచ్చారు. గేదె, కిరాణా కొట్టు, మేకల కోసమని ఉద్దేశించిన డబ్బు అది. మంచిదే. ఆ స్త్రీల ఒంటి బాగోగుల కోసం అంత పేరున్న పథకం ఇంతవరకూ రాలేదు.

అనవసరపు ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. జిల్లా స్థాయి దాకా పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. 40 ఏళ్ల లోపు స్త్రీకి గర్భసంచి తీస్తే ఎందుకు తీశారో ఆసుపత్రులు నమోదు చేసి చెప్పాలి. అలాంటి కమిటీ ఒకటి ఉండాలని మన పల్లెల్లో ఎందరికి తెలుసు?

బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఆపరేషను అనగానే ఒప్పుకోకుండా అక్కడో ఇంకోచోటో రెండో డాక్టరుకు చూపించుకోవాలి. స్కానింగులో ఏముంది, మాత్రలతో తగ్గదా, గర్భసంచిలో హార్మోను సాధనం అమరిస్తే రక్తస్రావం ఆగదా, గడ్డను మటుకే తీయడం కుదరదా, అండాశయాలు ఉంచుతారా అని అడగాలి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా వయసుదేలే అని ఊరుకోకూడదు, వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

డ్వాక్రా సంఘం లేని ఊరు డెల్టాలో కనబడదు. పొదుపు, వాయిదాల లెక్క తేలాక సభ్యులంతా అక్కడే ఉంటారు, అందులో సగంమందికి నలభై దగ్గరపడుతూనో దాటిపోయో ఉంటాయి. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో పిలిచి ఒక పావుగంట ఈ సంగతులు చెప్పించమని సంఘం లీడర్లు ఈ నెల సమావేశంలోనే అడగవచ్చు.